గుత్తినుండి వెడలిన లేఖ

విద్యకు ఏకాంతము కావలెనని మన పెద్దలు చెప్పుదురు. అర్ధరాత్రి దీపము ముందు కూర్చుండి, లోకమును మరచి, తపస్సు చేసినవానికే శాస్త్రము వశమగునను నమ్మకము మనలో పాతుకొనియున్నది. ఇందులో సగము నిజము కలదు. తక్కిన సగమును గూర్చియే ఈ ప్రసంగము. శాస్త్రజ్ఞుడు ఒంటరిగ ఆలోచింపవచ్చును గాని, ఒంటరిగ నేర్వజాలడు. తాను కనుగొన్నది క్రొత్తదా, ఇదివరకే యొకరు కనుగొనినదా, అసలు సరియైనదేనా అని చెప్పగల మనిషి ఎక్కడనో ఒకడు ఉండవలెను. ఆ మనిషి ప్రక్క వీధిలో నుండిన అదృష్టమే. వేయి మైళ్ల దూరమున నుండినచో వానిని చేరుట యెట్లు? అట్టివాడు కలడని తెలియుట యెట్లు?

ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క విధమున సమాధానము చెప్పినది. మన దేశమున చెప్పిన సమాధానములలో మిక్కిలి చక్కనిది అనంతపురము జిల్లాలోని గుత్తిలో పుట్టినది. ఈ సంగతి గుత్తివారిలో సయితము ఎందరికి తెలియునో! దానిని వివరించుటకు ముందు కొంత వెనుకకు, కొంత దూరమునకు పోవలసియున్నది.

17వ శతాబ్ది పూర్వార్ధమున పారిస్ నగరమందు మెర్సెన్ అను క్రైస్తవ సన్న్యాసి యుండెను. ఆనాటికి శాస్త్ర పత్రికలు లేవు. మఠములోని ఆయన గదియే విద్వాంసులకొక టపా కచ్చేరి. డేకార్ట్ హాలండు దేశమునుండి వ్రాసిన ఉత్తరములు, ఫెర్మా దక్షిణ ఫ్రాన్సునుండి వ్రాసిన ఉత్తరములు ఆయనను చేరుచుండెను. ఒకరి ప్రశ్నను రెండవవారికి పంపుట, వారి జవాబును మూడవవారికి తెలుపుట ఆయన పెట్టుకొనిన పని. అప్పుడప్పుడు ఇద్దరి నడుమ తగవు రగిలించుటకును ఆయన వెనుదీయలేదు. తగవు పడిననే గదా తర్కము పదునెక్కునది! 1648లో ఆయన గతించెను. పిమ్మట లండనులో ఓల్డెన్‌బర్గ్ అను జర్మను దేశీయుడు అట్టి పనికే పూనుకొనెను. రాయల్ సొసైటీకి కార్యదర్శియై, దేశదేశములనుండి వచ్చిన ఉత్తరముల సారమును 1665 మార్చి నెలలో పత్రికగ అచ్చువేయ నారంభించెను. 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అను ఆ పత్రిక నేటికిని వెలువడుచున్నది. అయితే ఉత్తరములు మితిమీరుట వలన ఆయనకు కీడును మూడినది. 1667లో ఇంగ్లండు హాలండుతో యుద్ధము చేయుచున్న వేళ, విదేశములతో ఇంతగ ఉత్తర ప్రత్యుత్తరములు నడపువానిపై ప్రభుత్వమువారికి అనుమానము కలిగి, ఆయనను లండను టవరులో కొన్ని వారములు బంధించి యుంచిరి. ఆయన విడుదలయై వచ్చి మరల ఉత్తరములే వ్రాసెను.

ఇవి మహావిద్వాంసుల సంగతులు. సామాన్యులకు తలుపు తెరచినవి ప్రశ్నల శీర్షికలు. 1704లో లండనునందు 'లేడీస్ డైరీ' అను పేర స్త్రీల కొరకొక పంచాంగము వెలువడెను. కొలది యేండ్లలోనే అందు లెక్కలను ప్రశ్నలుగ ఇచ్చి, పాఠకులు పంపిన జవాబులను మరుసటి యేటి సంచికలో ప్రకటించు ఆచారము కుదిరెను. బడిపంతుళ్లు, భూమి కొలుచు సర్వేయరులు, స్త్రీలు సయితము పోటీపడి జవాబులు పంపిరి. 19వ శతాబ్దిలో 'ఎడ్యుకేషనల్ టైమ్స్' అను లండను పత్రిక ఈ పద్ధతిని ఇంకను పెంపొందించెను. ఆ పత్రికకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి యొకరు గణిత విషయములు వ్రాసి పంపుచుండిరట. ఇట్లు వ్రాయువారు కళాశాలాచార్యులే యై యుందురని సంపాదకులు తలచి, ఆ పేరునకు 'ప్రొఫెసర్' బిరుదము తగిలించిరని చెప్పుదురు. మిత్రులు ఆ బిరుదమును వదలనీయలేదు. ఆ విద్యార్థి పిదప ప్రభుత్వోద్యోగములో చేరి డిప్యూటీ కలెక్టరైనను, వారికి మాత్రము 'ప్రొఫెసర్ రామస్వామి'గనే యుండిపోయిరి.

వారే వి. రామస్వామి అయ్యరుగారు. 1871లో జన్మించిన వారు 1906 నాటికి గుత్తిలో పనిచేయుచుండిరి. గుత్తి కొండమీది దుర్గమును మద్రాసు, బొంబాయిల నడుమ తిరుగు రైలులో పోవువారు కిటికీలోనుండి చూచియే యుందురు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించినపుడు, ఆయనను తొలుత సమాధి చేసినది ఈ గుత్తిలోనే. ఊరి చరిత్రకు కొదువ లేదు. కాని గణితము మాటలాడుకొనుటకు అచట మనిషి దొరకుట దుర్లభము. ఆ దినములలో డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమనగా జమాబందీలు, శిస్తు వసూళ్లు, గ్రామములలో మకాములు, కరవు వచ్చినపుడు కరవు పనులు. ఆ నడుమ రేఖాగణితముపై మనసుపడిన మనిషి ఎవరితో చెప్పుకొనగలడు?

అది గుత్తికి మాత్రమే పరిమితమైన కొరత కాదు. పట్టణములలోని కళాశాలలలో సయితము గణిత శాఖయనగా ఒకరిద్దరు ఉపాధ్యాయులు, ఒక బీరువాలో పరీక్షకు కావలసిన పాఠ్యగ్రంథములు. లండనులో, పారిస్‌లో, బెర్లిన్‌లో గణితము ఏ త్రోవను పోవుచున్నదో తెలుపు పత్రికలు మన దేశమున దొరకుట అరుదు. వానిని తెప్పించుకొనుటకు ఒక్కొక్కరి జీతము చాలదు. ఎవరికివారు చదివిన కాలమునాటి గణితముతో, పాఠములు చెప్పుకొనుచు, ముసలివారగుచుండిరి.

1906 చివరి దినములలో రామస్వామి అయ్యరుగారు కొందరు మిత్రులకు ఒక లేఖ పంపిరి. దాని భావము మిక్కిలి సులభమైనది. మనము వేరువేరుగ కొనజాలని పుస్తకములను, పత్రికలను చందాలు వేసికొని కలిసి కొందము. టపాలో ఒకరి తరువాత ఒకరు తెప్పించుకొని చదువుకొందము. అంతియే. కొందరు అంగీకరించిరి. 1907వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన 20 మంది సభ్యులతో 'అనలిటిక్ క్లబ్' అను పేర సంఘము పుట్టినది. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలోని బి. హనుమంతరావుగారు మొదటి అధ్యక్షులైరి. కొలది కాలమునకే 'ఇండియన్ మేథమేటికల్ క్లబ్' అనియు, 1910లో 'ఇండియన్ మేథమేటికల్ సొసైటీ' అనియు పేరు మారెను.

ఈ సంఘమునకు తనదని చెప్పుకొనుటకు భవనము లేదు. పుస్తకములకు పూనాలోని ఫెర్గుసన్ కళాశాల చోటిచ్చెను. అపుడా కళాశాల ప్రిన్సిపాలు ఆర్. పి. పరాంజపేగారు. 1899లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ప్రథమ స్థానము పొంది 'సీనియర్ రాంగ్లర్' అనిపించుకొనిన తొలి భారతీయుడాయన. గుత్తి, పూనా రెండును ఒకే రైలు మార్గమున నున్నవి. బొంబాయి ఓడరేవులో దిగిన విదేశీ పత్రిక పూనా చేరి, అచటనుండి బంగీ కట్టబడి, మెయిలులో సోలాపురము, రాయచూరు, గుంతకల్లు దాటి దక్షిణమున నున్న సభ్యునికి చేరవచ్చును. ఆయన చదివి మరియొకరికి పంపవలెను. గడువు మీరి తమవద్దనే యుంచుకొనువారు ఆ సంఘములో ఉండిరో లేదో మేమెరుగము గాని, పుస్తకము ఎరువిచ్చిన అనుభవము గల శ్రోతలు ఊహింపగలరు.

మనలను ఆశ్చర్యపరచు సంగతి యింకొకటి కలదు. సభ్యులెల్లరు ఒక్కచోట గుమికూడి జరుపుకొనిన మొదటి సమ్మేళనము 1916లో మద్రాసున జరిగినది. అనగా సంఘము పుట్టిన తొమ్మిదేండ్లకు! అందాక పలువురికి పలువురు దస్తూరి చేతనే పరిచితులు. ఇటువంటి స్నేహము రేడియోలో పనిచేయు మాకు కొంత తెలిసినదే. మేము గాజు తలుపుల వెనుక, నిశ్శబ్దమైన గదిలో, ఒక యంత్రము నెదుట కూర్చుండి మాటలాడుదుము. వినువారెవరో తెలియదు. నాలుగు దినముల తరువాత ఏ మారుమూల గ్రామమునుండియో ఒక కార్డు వచ్చును. మీరు చెప్పిన ఫలానా తేదీ తప్పు అని అందులో నుండును. తప్పు పట్టిన ఆ కార్డు మెచ్చుకోలు ఉత్తరములకంటె మాకు ప్రియమైనది. ఏలయన, ఒకరు శ్రద్ధగ వినిరనుటకు అదియే గుర్తు.

సంఘము 1909లో పత్రికను ప్రారంభించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో నుండిన ఎం. టి. నారణయ్యంగారు సంపాదకత్వము వహించిరి. పెద్ద వ్యాసములు కొన్ని యుండును. ఆ వెనుక ప్రశ్నల శీర్షిక. ప్రశ్నకొక సంఖ్య, పంపినవారి పేరు. ఎవరైనను పంపవచ్చును, ఎవరైనను జవాబు వ్రాయవచ్చును. పట్టమున్నదా, ఏ కళాశాలలో పని, ఏమి జీతము అని అడుగువారు లేరు. అది పత్రికలో చిన్న మూల. చిన్న మూలయే యైనను, ఆ మూలలోనుండియే మన దేశపు గణిత చరిత్ర మలుపు తిరిగినది.

శ్రీనివాస రామానుజన్ కథ తెలియని ఇల్లు దక్షిణ దేశమున లేదు. ఆ కథ చెప్పు తీరు మాత్రము మాకు తృప్తి కలిగింపదు. పేద గుమాస్తా యొకడు, నామగిరి దేవి కటాక్షమున సూత్రములు కనుగొనుట; కేంబ్రిడ్జిలోని హార్డీకి ఒక్క ఉత్తరము వ్రాయుట; మరుసటి దినమే లోకము మేల్కొనుట. ఈ విధముగ చెప్పినపుడు 1910కిని 1913కిని నడుమ జరిగినదంతయు కనుమరుగగుచున్నది. ఆ మూడేండ్లలో రామానుజన్ చేయి పట్టుకొని నడిపించినది గుత్తి లేఖవలన పుట్టిన ఆ సంఘమే.

1887 డిసెంబరు 22వ తేదీన జన్మించిన రామానుజన్ కుంభకోణములో చదువుచు, 1903 ప్రాంతమున కార్ అను ఇంగ్లీషు ఉపాధ్యాయుడు కూర్చిన ఒక సూత్ర సంగ్రహమును చేజిక్కించుకొనెను. అందు వేలకొలది సూత్రములు కలవు. ఉపపత్తులు దాదాపుగ లేవు. అందలి గణితము అప్పటికే అర్ధ శతాబ్దము వెనుకటిది. ఆ ఒక్క పుస్తకమే ఆయనకు గురువు, గ్రంథాలయము, సభ. తక్కిన పాఠములు తలకెక్కక ఎఫ్. ఏ. పరీక్షలో తప్పెను, విద్యార్థి వేతనము పోయెను, మద్రాసులో మరల చదివి మరల తప్పెను. నోటు పుస్తకములు నిండుచుండెను గాని కడుపు నిండుట లేదు. అందు వ్రాసికొనిన వానిలో అపూర్వమైనవి ఎన్నో, ఐరోపాలో నూరేండ్ల క్రిందటనే తెలిసినవి ఎన్నో ఆయనకే తెలియదు. చెప్పగలవారు ఆయన ఎరుకలో లేరు.

1910లో రామానుజన్ ఉద్యోగము వెదకికొనుచు దక్షిణార్కాటు జిల్లాలోని తిరుక్కోయిలూరునకు పోయెను. గుత్తినుండి బదిలీయైన రామస్వామి అయ్యరుగారు అపుడచట డిప్యూటీ కలెక్టరు. తాలూకా కచ్చేరిలో గుమాస్తా పని యిప్పింపుమని అడిగి, రామానుజన్ తన నోటు పుస్తకము చూపెను. అయ్యరుగారు దానిని తిరుగవేసి చూచి, ఇట్టి ప్రతిభను రెవెన్యూ శాఖలో అట్టడుగు మెట్టున సమాధి చేయుటకు తమకు మనసొప్పలేదని పిదప చెప్పుకొనిరి. ఉద్యోగము నడిగినవానికి ఉద్యోగము లేదనుట ఉపకారమని చెప్పుట కష్టము. ఆ పూట రామానుజన్‌కును అట్లు తోచి యుండదు. కాని అయ్యరుగారు ఆయనను వట్టి చేతులతో పంపలేదు. మద్రాసులోని సంఘ మిత్రులకు జాబు వ్రాసి యిచ్చిరి.

ఆ జాబు పట్టుకొని రామానుజన్ పి. వి. శేషు అయ్యరుగారిని చూచెను. వారు పూర్వము కుంభకోణములో ఆయనకు పాఠములు చెప్పినవారే. వారు మరియొక జాబిచ్చి నెల్లూరు జిల్లా కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారి యొద్దకు పంపిరి. రావుగారును సంఘ సభ్యులే, గణితప్రియులు. చిరిగిన నోటు పుస్తకము చంకబెట్టుకొని, గడ్డము మాసి, కన్నులు మాత్రము వెలుగుచున్న ఆ యువకుడు చెప్పినది మొదట వారికి బోధపడలేదు. మరల మరల వచ్చి, సులభమైన సూత్రములనుండి కఠినమైన వానికి క్రమముగ తీసికొనిపోగా, కడపట వారు చకితులైరి. ఏమి కావలెనని యడుగగా, తిండికి చింత లేకుండ ఆలోచించుకొను తీరిక కావలెనని రామానుజన్ చెప్పెనట. రావుగారు నెలకు 25 రూపాయలు సొంత సొమ్ము పంపుటకు ఒప్పుకొని, ఇంతటి మేధావిని నెల్లూరు వంటి చోట మ్రగ్గనిచ్చుట క్రౌర్యమని తలచి మద్రాసునకే తిరిగి పంపిరి. నెల్లూరు శ్రోతలు కోపగింపకుందురు గాక! రావుగారు నిందించినది ఊరిని గాదు, ఒంటరితనమును.

ఇక పత్రిక. 1911లో రామానుజన్ ప్రశ్నలు ఆ చిన్న మూలలో అచ్చుపడ నారంభించెను. అందు 289వ ప్రశ్న నేడు ప్రసిద్ధము. కాగితము, పెన్సిలు దగ్గర నున్నవారు మాతో కూడ వ్రాసికొనవచ్చును. ఒకటికి రెండు రెట్లు ఏదియో కలిపి వర్గమూలము తీయవలెను. ఆ ఏదియో యనునది ఒకటికి మూడు రెట్లు ఇంకేదియో కలిపి తీసిన వర్గమూలము. ఆ ఇంకేదియో ఒకటికి నాలుగు రెట్లు మరేదియో కలిపి తీసినది. ఇట్లు అంతము లేకుండ పోవును. మొత్తము విలువ యెంత? సంచికలు గడచినను జవాబు రాలేదు. కడపట రామానుజనే చెప్పెను: 3.

దారి యిది. మూడు అనగా తొమ్మిదికి వర్గమూలము. తొమ్మిది అనగా ఒకటియు ఎనిమిదియు. ఎనిమిది అనగా రెండు నాలుగులు. ఆ నాలుగును పదునారునకు వర్గమూలము. పదునారనగా ఒకటియు పదునైదును. పదునైదనగా మూడు అయిదులు. ఆ అయిదు ఇరువది యైదునకు వర్గమూలము; అనగా ఒకటియు నాలుగు ఆరులును. ఒక్కొక్క సంఖ్య తన వెనుకటి దాని కడుపులో దాగియున్నది. ఇట్లు విడదీసి చూపినచో బడిపిల్లవానికిని తెలియును. చూపువాడు లేనిదే పండితులకును తెలియలేదు.

అదే సంవత్సరమున బెర్నూలీ సంఖ్యలను గూర్చి ఆయన వ్రాసిన మొదటి పెద్ద వ్యాసము వెలువడినది. అది సులభముగ వెలువడలేదు. ఆయన నడక అతివేగము. నడుమ మెట్లు విడిచివేయుట అలవాటు. సాధారణ పాఠకుడు వెంబడింప లేకపోయెను. నారణయ్యంగారు వ్రాతప్రతిని పలుమారులు త్రిప్పిపంపి దిద్దించిరి. రామానుజన్‌కు ఇతరుల కొరకు వ్రాయుట అను విద్య ఇచటనే మొదటిసారి తటస్థపడినది. నోటు పుస్తకములో తనకు తాను వ్రాసికొనువాడు ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కర లేదు. పత్రికకు వ్రాయువాడు చెప్పవలెను. సంపాదకుని ఓపిక చరిత్రలో లెక్కకు రాదు గాని, ఆ బెంగుళూరు ఉపాధ్యాయుని ఓపికకు మనము ఋణపడియున్నాము.

1912 మార్చి 1వ తేదీన రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టు కచ్చేరిలో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగ చేరెను. అచట పై అధికారులలో నొకరైన ఎస్. నారాయణ అయ్యరుగారు ఎవరు? గణితములో పట్టభద్రులు, ఈ సంఘపు సభ్యులే. పగలు లెక్కల కచ్చేరి. రాత్రులు ఇద్దరును పలకలు పట్టుకొని కూర్చుండెడివారు. ఇట్లు తిరుక్కోయిలూరునుండి మద్రాసు వరకు, మద్రాసునుండి నెల్లూరు వరకు, మరల మద్రాసు రేవు వరకు ఆయన తట్టిన ప్రతి తలుపు వెనుక ఆ సంఘపు మనిషి యొకరు ఉండుటను దైవయోగమని కొందరు చెప్పుదురు. టపా ఖర్చులు పంచుకొనిన కొలదిమంది స్నేహమని మేము చెప్పుదుము.

ఈ స్నేహమునకు హద్దులును ఉండెను. దానిని దాచుట చరిత్ర కాదు. రామానుజన్ గొప్పవాడని వీరు గ్రహించిరి. ఎంత గొప్పవాడో, ఎందు గొప్పవాడో తూచు త్రాసు వీరి వద్ద లేదు. ఆ సంగతి వీరు ఒప్పుకొని, ఇంగ్లండునకు వ్రాయుమని ప్రోత్సహించిరి. తమ చేతకానిదానిని తమ చేతకాదని చెప్పుట విద్వాంసులలో అరుదైన గుణము. మొదట వ్రాసిన ఇద్దరు కేంబ్రిడ్జి పెద్దలనుండి సహాయము రాలేదు. 1913 జనవరి 16వ తేదీన మూడవవాడైన జి. హెచ్. హార్డీకి వ్రాసెను. హార్డీ, ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్ ఒక సాయంకాలము కూర్చుండి ఆ సూత్రములను పరీక్షించిరి. ఫిబ్రవరి 8వ తేదీన హార్డీ జవాబు వ్రాసెను. అందు పొగడ్తలకంటె విలువైనది వేరొకటి కలదు. పంపిన ఫలితములను మూడు తెగలుగ విభజించెను: ఇదివరకే తెలిసినవి, క్రొత్తవియై వింతగొలుపునవి, క్రొత్తవియై ముఖ్యమైనవి. ఉపపత్తులు పంపుమని అడిగెను. పదేండ్లుగ రామానుజన్‌కు కావలసియుండి దొరకనిది ఆ మూడు తెగల పట్టికయే.

అది ఆలస్యముగ వచ్చినది. రామానుజన్ విషాదము అకాల మరణము కాదనియు, లేబ్రాయమున ఆ అయిదేండ్లు ప్రతిభ దారి తప్పి వ్యర్థమగుటయే అసలు విషాదమనియు హార్డీ పిదప అభిప్రాయపడెను. 1914 మార్చి 17వ తేదీన ఓడ ఎక్కి, 1918లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1919లో రోగియై తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన ముప్పది మూడేండ్లైన నిండకయే ఆయన కన్నుమూసిన సంగతి తెలిసినదే. గుత్తి లేఖ పదేండ్లు ముందుగ వెడలి యుండినచో అను ఊహ మమ్ము వదలుట లేదు.

ఒక్క మనిషికే వ్రాసికొని, ఆ ఒక్కడు సరిగ వినకున్న ఏమగునో చూపుటకు మెండెల్ కథ చాలును. బ్రున్ నగరపు మఠములో బఠానీ మొక్కలు పెంచి వంశపారంపర్య సూత్రములు కనుగొనిన ఈ సన్న్యాసి 1866లో తన వ్యాసమును ప్రకటించి, మ్యూనిక్‌లోని నేగెలీ అను ప్రసిద్ధ వృక్ష శాస్త్రజ్ఞునికి పంపెను. 1873 వరకు ఉత్తరములు నడచెను. నేగెలీ ఆ సూత్రముల విలువ గుర్తింపక, తాను మక్కువపడిన హాక్‌వీడ్ అను మొక్కపై ప్రయోగములు చేయించెను. ఆ మొక్క పరాగము లేకుండగనే విత్తనము కట్టగలది. అందు మెండెల్ సూత్రములు కనబడవు. తన సూత్రములపై తనకే సందియము కలుగునట్టి పంట వచ్చెను. 1884లో మెండెల్ మరణించెను. 1900లో గాని లోకము ఆయన వ్యాసమును తెరచి చూడలేదు. రామానుజన్‌కు మూడవ తలుపు తట్టుమని చెప్పువారుండిరి. మెండెల్‌కు లేరు.

రామస్వామి అయ్యరుగారు 1936లో కీర్తిశేషులైరి. వారి సంఘము 2007లో నూరేండ్ల పండుగ జరుపుకొనినది. పత్రిక నేటికిని వెలువడుచున్నది. రామానుజన్ కేంబ్రిడ్జికి పోయిన తరువాత గూడ ఆ చిన్న మూలను మరువలేదు. 1919 వరకు ఆయన పేర అందు అచ్చుపడిన ప్రశ్నలు దాదాపు ఆరు పదులు. వానిలో 1913 నాటి 464వది యొకటి. రెండును రెండుచే హెచ్చించుకొనుచు పోయి, వచ్చిన దానిలోనుండి ఏడు తీసివేసినచో, అప్పుడప్పుడు నిండు వర్గము మిగులును. మూడు రెండులను హెచ్చింప ఎనిమిది. ఏడు పోగా ఒకటి. నాలుగు రెండులైన పదునారు; ఏడు పోగా తొమ్మిది, అనగా మూడు మూళ్లు. అయిదు రెండులకును, ఏడు రెండులకును, పదునైదు రెండులకును ఇట్లే యగును. ఇవి గాక ఇంకేవైన కలవా యని ఆయన ప్రశ్న.

ఆ సంచిక నార్వే దేశపు గణితజ్ఞుల కంట పడినట్లు లేదు. 1943లో అచటి ల్యుంగ్రెన్ అను ఆయన, ఎవరి నోటను వినకయే, అదే ప్రశ్నను తిరిగి వేసెను. 1948లో నేగెల్ అను మరియొక నార్వే దేశీయుడు, ఇవి గాక వేరు లేవని నిరూపించెను. ఆ సిద్ధాంతము నేడు రామానుజన్, నేగెల్ ఇరువురి పేర్లతో పిలువబడుచున్నది. ఒకరినొకరు చూడలేదు, ఒకరికొకరు వ్రాయలేదు. ప్రశ్నకును జవాబునకును నడుమ 35 ఏండ్లు.

ఇంట పిల్లలుండినచో ఈ పూట ఒక లెక్క చేయింపుడు. పదునైదు రెండులను వరుసగ హెచ్చింపుమనుడు, 32,768 వచ్చును. ఏడు తీసివేయుమనుడు. మిగిలినది 181ని 181చే హెచ్చించినదగునో కాదో వారే చూచి చెప్పుదురు.